కెలెర్ అనే తమ్ముడు

రవెన్నా రేవు,
ఏప్రిల్ నెల పదో తేదీ.

అక్క మదేనాకు గాయుస్ వలేరియుస్ కెలెర్ దండాలు పెట్టి రాయిస్తున్న ఉత్తరం. నేను కులాసాగా ఉన్నాను. నువ్వు, వెందెస్ బావ, పాప కూడా అలాగే ఉన్నారని తలుస్తాను.

పేరు సంగతి నిరుడు పంపిన ఉత్తరంలో వివరంగా రాయించాను కనక మళ్ళీ చెప్పను. దానికి జవాబు రాలేదు. నీకు కోపం వచ్చిందేమో అనుకున్నాను. వస్తే రానీ, ఎన్నాళ్ళుంటుందిలే అనుకుని మళ్ళీ రాయిస్తున్నాను.

నన్నిప్పుడు మూడు వరసల తెడ్ల ఓడలోకి మార్చారు. తెడ్డు వెయ్యడం తప్పింది. తెరచాప తాళ్ళ దగ్గర పని. ఈ ఊరంతా బురద. కాలవల మీద ఇళ్ళు, ఇళ్ళ కింద కప్పలు. తాగే నీళ్ళు ఉప్పగా ఉంటాయి. గోధుమ రొట్టె, ఉప్పు చేప, పులిసిపోయిన ద్రాక్షసారా కలిపిన నీళ్ళు, ఇదీ తిండి. తప్పు చేసినవాడికి శిక్షగా గోధుమలు మానిపించి బార్లీ పెడతారు. నాకా శిక్ష రెండుసార్లు పడింది. రెండుసార్లూ కడుపునిండా తిన్నాను, మన ఇంటి తిండే కదా. వాళ్ళకి అర్థం కాలేదు.

మన ఎదురింటి తురో కూడా ఇదే రేవులో వేరే ఓడ మీద ఉన్నాడు. వాడి గురించి నన్ను అడక్కు.

అసలు సంగతి ఇది. వచ్చే ఏడు గొర్రెలు కొండ దిగే వేళకి ఎనిమిదేళ్ళకోసారి ఊరి చేలు మళ్ళీ పంచే పంపకం వస్తుంది కదా. ఊట పక్క చేను నా వాటా. ప్లదోమెన్ పెద్దాయన పేర్లు పిలిచేటప్పుడు అది వేరేవాళ్ళకి పోకుండా చూడు. ఇరవై ఆరేళ్ళు ఓడల మీద చాకిరీ చేసి తిరిగొచ్చేవాడికి ఆ చేను తప్ప ఇంకేముంది?

జవాబు రాయించు. రోము సైన్యం కోట కింద ఎవరో ఒకరు రాసిపెట్టేవాళ్ళుంటారు.

కెలెర్


వంతెన దగ్గర, కోట కింద,
ఉన్ని తీసే రోజులు,
పెద్ద యుద్ధం ముగిసిన ఇరవయ్యో ఏడు.

కెలెర్ గారికి, పై పల్లె స్కెనోబార్ కూతురు మదేనా దండాలు.

అయ్యా, మీ ఉత్తరం అందింది. వంతెన దగ్గర బార్లీ కల్లు అమ్మే నోనియుస్ చదివి మా మాటలో చెప్పాడు. పాతికేళ్ళు సైన్యంలో చేసిన పరదేశి, మీ భాష మీ వాళ్ళలాగే వచ్చు. అయినా ఒక్క ముక్క నాకు బోధపడలేదు. 'ఎవరికో రాసింది నా చేతికొచ్చిందేమో' అంటే, 'మదేనా అని నీ పేరే ఉంది, పల్లె పేరూ ఉంది' అన్నాడు.

మీరెవరో నాకు తెలియదు. నిరుడు ఉత్తరం ఏదీ రాలేదు. పేరు సంగతి అన్నారు, ఆ సంగతేమిటో నేనెరగను. నన్ను అక్కా అన్నారు. నాకు ఒక్కడే తమ్ముడు, పానెస్. ఆరేళ్ళ కిందట రోము సైన్యంలోకి పట్టుకుపోయారు. ఆ ఏడే ఒక ఉప్పు వర్తకుడి నోట 'ఓడ ఎక్కాను' అని కబురంపాడు. తరవాత వాడి జాడ లేదు. వాడు మీకు తెలుసా? తెలిస్తే ముందు వాడెలా ఉన్నాడో చెప్పండి.

మా ఆయన్ని అడిగారు. వెందెస్ పోయి నాలుగేళ్ళయింది. మంచులో మందని మళ్ళించబోయి లోయలో పడ్డాడు. ఆ సంగతి మా తమ్ముడికీ తెలియదు.

ఇక ఊట పక్క చేను. అది మా తమ్ముడి వాటా అయ్యా. వాడొచ్చేదాకా నేనూ నా కూతురు సేయో దాని మీదే బతుకుతున్నాం. అది మీదని ఎలా అంటారు? లోయ అడుగున మంచి నేలంతా పాత సైనికులకి పంచేశారు. ఈ నోనియుస్‌కీ ఒక ముక్క వచ్చింది. ఇది చెబుతుంటే తల వంచుకుని రాస్తున్నాడు. పైన మిగిలినవి రాళ్ళూ ఆ ఒక్క ఊటా. అది కూడా మీకిచ్చేశారా? ఇచ్చేస్తే మాకెవరూ చెప్పలేదు.

తప్పుగా మాట్లాడితే మన్నించండి. మా తమ్ముణ్ణి ఏం చేశారు?

మదేనా


రవెన్నా రేవు,
ఆగస్టు మూడో తేదీ.

నీ ఉత్తరం లేఖరి చదివి వినిపించాడు. మళ్ళీ చదవమంటే చదివాడు. మూడోసారి నేనే వద్దన్నాను.

'అయ్యా' అన్నావు. 'గారు' అన్నావు. దూరం పెట్టదలుచుకున్నవాళ్ళు తిట్టనక్కర్లేదు, గౌరవిస్తే చాలని ఇప్పుడే తెలిసింది. నాన్న పెద్ద యుద్ధంలో అండేత్రియం కోటలో రోము కత్తికి పోయాడు. ఆయన ఇంట్లో రోము పేరు వినపడకూడదు. అంతే కదా నువ్వు చెప్పదలచింది. ఆ మాట తిన్నగా అనరాదా?

నువ్వడిగిన పానెస్ ఇక లేడు. ఓడ ఎక్కించిన మొదటి రోజే వాణ్ణి సముద్రంలో ముంచేశారు. ఎవరూ ఏడవలేదు. మిగిలింది ఈ కెలెర్ ఒక్కడే. వీడు నీకు పనికిరాడంటే చెప్పు, ఉత్తరాలు మానేస్తాను.

బావ పోయాడని ఇలా పరాయివాడికి చెప్పినట్టా చెప్పడం? మంచులో నన్ను భుజాల మీద మోసిన మనిషి. నాలుగేళ్ళు ఆలస్యంగా ఏడవాలో వద్దో కూడా తెలియకుండా తాళ్ళ దగ్గర నిలబడ్డాను.

చేను నాది కాదన్నావు. సరే, ఉంచుకో.

కెలెర్


వంతెన దగ్గర,
గొర్రెలు కొండ దిగిన వారం.

కెలెర్ గారికి మదేనా దండాలు.

నోనియుస్ చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. 'ఏముంది?' అన్నాను. 'కొంచెం కూర్చో' అన్నాడు. ఈ కొట్లో ఆడవాళ్ళం ఎప్పుడూ కూర్చోం. కూర్చోమన్నాడంటేనే తెలిసిపోయింది.

మొదటి రోజే సముద్రంలో మునిగిపోయాడా? ఈ ఆరేళ్ళూ పొయ్యి వెలిగించినప్పుడల్లా వాడి పేరు అనుకునేదాన్ని. లేనివాడి పేరు అనుకున్నానన్నమాట.

వాడికి సమాధి దిబ్బ వేశాం. శరీరం లేకుండా దిబ్బ వెయ్యొచ్చా అని తర్జనభర్జన పడ్డారు. 'అండేత్రియంలో పోయిన వాళ్ళందరికీ అలాగే వేశాం కదా' అన్నాడు ప్లదోమెన్ పెద్దాయన. వాడి టోపీ, నడికట్టు కొక్కెం, సగం చెక్కి వదిలేసిన గరిటె పెట్టాం. ఎదురింటి ఆప్లో పెద్దమ్మ రోజంతా రాళ్ళు మోసింది. తురో తల్లి. తన కొడుకు బాగున్నాడా అని మిమ్మల్ని అడగమంది.

మీ ఉత్తరంలో కొన్ని నాకు అర్థం కాలేదు. మా ఆయన మిమ్మల్ని భుజాల మీద మోయడం ఏమిటి? నోనియుస్‌ని మళ్ళీ చూడమన్నాను. 'అలాగే ఉంది, లేఖరి తాగి రాసుంటాడు' అన్నాడు. కోపంగా రాశారని మాత్రం చెప్పాడు. చేను గురించి అనుమానించాను కదా, అందుకనుకుంటాను. వాడి వాటా వాడి స్నేహితుడిదే అన్న వరసలో అన్నారేమో. మన్నించండి.

చేనిప్పుడు ఎవరిదీ కాదు. చచ్చినవాడికి వాటా ఉండదు. వచ్చే పంపకంలో అది ఊరిలో కలుస్తుంది. నన్నూ సేయోనీ మా మరిది ఇంటికి పొమ్మంటున్నారు. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళున్నారు, నేను మూడోదాన్ని.

ఒక్క సంగతి చెప్పండి. వాడు మునిగేటప్పుడు దగ్గర్లో ఎవరైనా ఉన్నారా? మీరున్నారా?

మదేనా


రవెన్నా రేవు,
మార్చి ఏడో తేదీ.

అక్కా, ఓ అక్కా,

చలికాలమంతా ఓడలు లేక నీ ఉత్తరం సలోనా రేవులోనే ఆగిపోయి మొన్న వచ్చింది. నేనే పానెస్‌ని. కెలెర్ అంటే నేనే. నేను చావలేదు.

ఓడలోకి తీసుకున్న రోజు పేర్లు రాసుకునే గుమాస్తా నన్ను పేరడిగాడు. చెప్పాను. వాడికి నోరు తిరగలేదు. 'ఈ పూట నుంచి నువ్వు కెలెర్' అన్నాడు. చురుకైనవాడని అర్థమట. నా ముందు వాడికీ అదే పేరు పెట్టాడు, నా వెనక వాడికీ అదే. మా ఓడలో ముగ్గురు కెలెర్‌లం. ఇదంతా ముందటేడు పంపిన ఉత్తరంలో ఉంది. అది రాలేదని నువ్వంటే నేను నమ్మలేదు. నువ్వు పేరు చూసి వెలేశావనుకుని 'పానెస్ మునిగిపోయాడు' అని రోషంతో అన్నాను. పేరు మునిగిందని నా ఉద్దేశం, మనిషి కాదు. లేఖరి కూడా ఆ మాట బాగుందని మెచ్చుకున్నాడు. వాడి మెప్పు తగలెయ్య.

గుర్తులు చెప్తాను విను. నా ఎడమ భుజం మీద పచ్చబొట్టు సగంలో ఆగిపోయింది, నేను సూది చూసి పారిపోయాను కనక. అమ్మ నన్ను 'మూగ గొర్రె' అనేది. నాకు జ్వరమొచ్చినప్పుడు నువ్వు మేకపాలలో తేనె కలిపి, అది అమ్మకి తెలియకూడదని ముంత బోర్లించి కూర్చున్నావు. నువ్వు పెట్టిన గరిటె, పైనున్న గుహలో దాక్కున్నప్పుడు చెక్కడం మొదలుపెట్టింది.

ఇంకా ఏం కావాలి? దిబ్బ తీసేయమను. ప్లదోమెన్ పెద్దాయనతో నేనున్నానని చెప్పు. చేను వదలకు.

తమ్ముడు పానెస్ (కెలెర్)


వంతెన దగ్గర,
మంద మళ్ళీ కొండెక్కిన వారం,
ఇరవై ఒకటో ఏడు.

నాయనా కెలెర్,

ఇకనుంచి నిన్ను గారు అనను. నువ్వు చాలా మంచివాడివి.

మీ ఉత్తరం వినగానే, అదిగో, అలవాటు కొద్దీ మళ్ళీ మీరంటున్నాను. నీ ఉత్తరం వినగానే పొలికేక పెట్టాను. వాడున్నాడు అనుకున్నాను. ఊళ్ళోకి పరిగెత్తబోతుంటే నోనియుస్ చెయ్యి పట్టుకుని ఆపాడు. 'మదేనా, నేను పాతికేళ్ళు చూశాను. తోటివాడు పోతే వాడి ఇంట్లో వాళ్ళు తట్టుకోలేరని మరొకడు వాడి పేరున రాస్తాడు. నేనూ ఒకసారి రాశాను. ఆ తల్లి చచ్చేదాకా రాశాను' అన్నాడు. 'మరి తేనె సంగతి ఎలా తెలుసు?' అన్నాను. 'ఓడల మీద పనిలేని రోజులు బోలెడు. మగాళ్ళు అవే చెప్పుకుంటారు' అన్నాడు. 'మొదటి రోజే మునిగాడన్నారు కదా, అవన్నీ ఎప్పుడు చెప్పుకున్నారు?' అన్నాను. 'అదీ నీ మనసు కోసం మార్చి రాసి ఉంటాడు. ఎప్పుడు పోయాడో ఎవరికి తెలుసు?' అన్నాడు.

మూడు రోజులు ఆలోచించాను. ఒకసారి ఉన్నాడనిపిస్తుంది, ఒకసారి లేడనిపిస్తుంది. పంపకంలో ఏమని చెప్పాలో తెలియదు. చివరికి ఇలా అనుకున్నాను. మా పానెస్ మూడు మాటలు వరసగా మాట్లాడి ఎరగడు. రెండో మాటకే నాలిక అడ్డం పడేది. అందుకే కదా అమ్మ మూగ గొర్రె అంది. నువ్వేమో కథ చెప్పినట్టు ఎంత చక్కగా రాస్తావు. మా వాడు ఇలా మాట్లాడగలిగితే నాకు అంతకంటే ఏం కావాలి? నువ్వు వాడివి కావు. కానీ వాడు తన గుట్లన్నీ చెప్పుకునేంత దగ్గరవాడివి. నన్ను అక్కా అనే హక్కు నీకుంది.

అందుకని నీకొకటి చెప్తాను. వాడుంటే చెప్పలేకపోయేదాన్ని. నోనియుస్ వింటున్నాడు, విననీ.

సైన్యంలోకి పిల్లల్ని పట్టుకెళ్ళడానికి వచ్చినప్పుడు పానెస్ పైన గుహలో దాక్కున్నాడు. అది తురోకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. రొట్టె నేనే పట్టుకెళ్ళేదాన్ని. వాళ్ళు తురోని పట్టుకున్నారు, వాడు నోరు విప్పలేదు. మర్నాడు మా ఇంటికొచ్చి వెందెస్ చేతులు వెనక్కి కట్టారు. 'వాడు దొరక్కపోతే వీణ్ణి తీసుకెళ్తాం' అన్నారు. సేయో పుట్టి నలభై రోజులు. నేను ఒక్క మాట అనలేదు. చెయ్యెత్తి చూపించాను. అంతే.

వెందెస్ రెండేళ్ళకే పోయాడు. దేనికోసం చూపించానో అదీ నాకు మిగల్లేదు. వాడు మునిగినవాడు మునిగినట్టే పోయాడు, పట్టించింది నేనని తెలియకుండానే. అది మంచిదో కాదో చెప్పు. నువ్వు వాడికి దగ్గరవాడివి. వాడికి తెలిస్తే ఏమనేవాడు?

మదేనా


రవెన్నా. జూలై.

మదేనా.

లాటిన్ వద్దన్నాను లేఖరిని. ఇన్నాళ్ళూ నా ముక్కలు చక్కగా అతికింది వాడే. మన మాటే. నేను పలికింది పలికినట్టు. వాళ్ళ అక్షరాల్లో పెట్టమన్నాను. వాడికి అర్థం కావడం లేదు. చెమట పడుతున్నాడు. పట్టనీ.

మూడు ఉత్తరాలు రాయించి చించేశాను. ఒకటి కెలెర్‌గా రాశాను. 'వాడు నిన్ను క్షమించేవాడు' అని. బాగా వచ్చింది. చించాను.

నీ ఉత్తరం ఎవరికి రాశావు? చచ్చిన నాకు కాదు. బతికిన నాకు కాదు. ఎవడో మంచివాడికి రాశావు. వాడు లేడు. ఉన్నది నేను.

తురో అనుకున్నాను. ఏడేళ్ళు. గుహ వాడికే తెలుసు. నువ్వు... నువ్వు రొట్టె తెచ్చేదానివి. నువ్వని ఎలా అనుకుంటాను? సలోనా దాకా వాణ్ణీ నన్నూ ఒకే తాడుకి కట్టి నడిపించారు. దారంతా అన్నాడు, 'నేను చెప్పలేదురా' అని. మొహాన ఉమ్మేశాను. వాడి చేతులు కట్టేసి ఉన్నాయి, తుడుచుకోలేకపోయాడు. తరవాత మాట్లాడలేదు. ఎదురుపడితే తప్పుకునేవాణ్ణి.

పోయిన చలికాలం వాడికి బురద జ్వరం. కబురు పెట్టాడు. రెండుసార్లు. 'పానెస్‌ని రమ్మనండి.' ఈ రేవులో నన్ను ఆ పేరుతో పిలిచేది వాడొక్కడే. నేను తాళ్ళు పేనుతూ కూర్చున్నాను. మూడో రోజు పోయాడు. అది నీకు రాయలేదు. ఎందుకు రాయాలి, ద్రోహి కదా అనుకున్నాను.

నీ పొయ్యి ఆరిపోను. నీ పాలు విరిగిపోను. ఒక్క మాట చెప్పి ఉంటే. ఉప్పు వర్తకుడితో ఒక్క మాట. 'నేనేరా' అని. నీ మీద కోపం తెచ్చుకుని ఊరుకునేవాణ్ణి. వాడి దగ్గరికి వెళ్ళేవాణ్ణి.

బావని విడిపించుకున్నావు. పసిపిల్ల తల్లివి. తెలుసు. అయినా ఫర్వాలేదని చెప్పడం లేదు. ఓదార్పు కావాలంటే ఆ కెలెర్‌ని అడుగు.

చేను నాది. నేను బతికున్నాను. వదిలావంటే ఊరుకోను.

పానెస్


వంతెన దగ్గర,
గొర్రెలు కొండ దిగిన వారం,
ఇరవై ఒకటో ఏడు.

ఒరే పానెస్,

నువ్వేరా.

నోనియుస్ ఉత్తరం తెరిచి, 'ఇది ఏ భాషో నాకు తెలియడం లేదు, అక్షరాలు మాత్రం మావే' అన్నాడు. 'ఉన్నది ఉన్నట్టు పలుకు' అన్నాను. పలికాడు. ఎవరూ ఎప్పుడూ రాయని మన మాటే అది, ఆ పరదేశి యాసలో, కూడబలుక్కుంటూ, మధ్యమధ్య ఆగుతూ. నువ్వు మాట్లాడినట్టే ఉంది. 'నీ పొయ్యి ఆరిపోను' దగ్గరికొచ్చేసరికి నేను నవ్వానో ఏడ్చానో నాకు తెలియదు. నోనియుస్ ఉత్తరం కింద పెట్టి నీళ్ళు తెచ్చిచ్చాడు.

ఏం చెయ్యాలో ముందు పాలుపోలేదు. అప్పటికి పంపకం పది రోజుల్లో ఉంది. నువ్వున్నావని చెప్పాలి. చెబితే 'రుజువేమిటి?' అంటారు. రుజువు ఈ ఉత్తరం ఒక్కటే. ఇది చదివిస్తే నేను చేసింది ఊరంతటికీ తెలుస్తుంది. చదివించకపోతే నీ చేను పోతుంది. పోతే పోయిందిలే, నోరు మూసుకుని మరిది ఇంటికి పోదామని ఒక పూట అనుకున్నాను. దాచడం లేదు.

ముందు ఆప్లో పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. నలుగురిలో వినకూడదు కదా. ఉన్ని దువ్వుతోంది. తురో పోయాడని చెప్పాను. నువ్వు రాసింది రాసినట్టు చెప్పాను. గుహ వైపు చెయ్యి చూపింది నేనేనని చెప్పాను. దువ్వుతూనే ఉంది. 'ఏడేళ్ళుగా నీ చేతి జున్ను తింటున్నానే' అంది. తరవాత, 'ఇప్పుడు నేనెవర్ని తిట్టుకోవాలి? నిన్నా, వాణ్ణా?' అంది. గుమ్మంలోనే నిలబడిపోయాను. 'వాడు నా కొడుకు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదో వాడిచేత నాకు చెప్పించు. నువ్వు చెప్పింది నాకు చాలదు' అంది. నీకు వేసిన దిబ్బని పీకేయబోతున్నారని విని, 'ఉండనీ, మా వాడి టోపీ పెట్టుకుంటాను' అంది. మర్నాడు తనే వెళ్ళి నీ టోపీ తీసి నాకిచ్చి, తురోది పెట్టింది.

పంపకం నాడు నోనియుస్ పైకొచ్చి అందరి ముందూ చదివాడు. మొదట వాడి యాసకి నవ్వారు. సగానికొచ్చేసరికి నవ్వులు ఆగాయి. మా మరిది లేచి, 'ఇదంతా రోమువాళ్ళ ఎత్తు కాదని ఎలా నమ్మడం? మొన్నటిదాకా చచ్చాడంది, ఇవాళ బతికాడంటోంది' అన్నాడు. ప్లదోమెన్ పెద్దాయన వాణ్ణి కూర్చోమన్నాడు. 'ఓదార్చడానికి అబద్ధం రాస్తారు. ఇంత కోపం ఎవడూ అబద్ధానికి రాయడు' అన్నాడు. ఊట పక్క చేనుకి నీ పేరే పిలిచాడు. మూడుసార్లు పిలిస్తే ఎవరో ఒకరు పలకాలి కదా. నేను 'ఉన్నాడు' అన్నాను.

చేను దక్కింది. ఎనిమిదేళ్ళు నీ పేరనే ఉంటుంది.

పొద్దున్నే నిప్పు కోసం మా ఇంటికి ఇప్పుడెవరూ రావడం లేదు. దారిలో ఎదురైతే పలకరిస్తారు కానీ ఆగరు. సేయో ఎందుకని అడుగుతోంది. పెద్దయ్యాక చెప్తానన్నాను. నిజానికి ఎలా చెప్పాలో నాకు తెలియదు.

నీకు నేను చెప్పవలసింది ఒకటుంది, అది నోటికి రావడం లేదు. మన ఇంట్లో మూగ గొర్రె నువ్వొక్కడివే అనుకున్నాం.

అక్క


రవెన్నా రేవు,
చలికాలానికి సముద్రం మూసేముందు ఆఖరి ఓడకి.

అక్కా,

ముందు ఆప్లో పెద్దమ్మకి. ఇది ఆమెకి వినిపించు. నువ్వు పక్కనుండకు.

పెద్దమ్మా, నేను పానెస్‌ని. నీ కొడుకు రెండుసార్లు కబురు పెట్టాడు. నేనున్న చోటికీ వాడున్న పాకకీ మధ్య ఒక్క కాలవ. దాటలేదు. వాడు నన్ను పట్టించాడని నమ్మాను. అది ఒక కారణం. ఇంకొకటుంది. మొదటి కబురు వచ్చినప్పుడు నాకు అనుమానం వచ్చింది, చచ్చేవాడు కూడా రమ్మంటున్నాడంటే నిజంగా చెప్పలేదేమో అని. చెప్పలేదని తేలితే ఆరేళ్ళు నేనేం చేసినట్టు? అందుకని వెళ్ళలేదు. ఇది ఎవరికీ చెప్పలేదు, మా అక్కకి కూడా. మీ వాణ్ణి రేవు బయట ఇసక గుట్ట మీద పెట్టారు. పలక మీద వాడికి ఇక్కడ పెట్టిన పేరే ఉంది. నేను వెళ్ళి కింద తురో అని చెక్కాను. అక్షరాలు లేఖరి నేల మీద గీసి చూపించాడు. వంకరగా వచ్చాయి.

నన్ను తిట్టుకో పెద్దమ్మా. అక్కని కూడా తిట్టుకోవచ్చు. రెండూ చెయ్యి.

ఊట చేనులో పండే బార్లీ సగం నీదే. నేనొచ్చినా సరే.

అక్కా, ఇది నీకు.

నువ్వు ఉత్తరం నలుగురిలో చదివించావని విని నాకు ఏమనిపించిందో తెలియదు. తాళ్ళ దగ్గర ఒకడు 'ఏమైందిరా కెలెర్' అన్నాడు. ఇంకో కెలెర్ పలికాడు. నేను పలకలేదు.

కోపం పోలేదు. పోయాక రాద్దామనుకున్నాను. అలాగైతే ఎప్పటికీ రాయలేనేమో. అందుకని ఉండగానే రాయిస్తున్నాను. వసంతంలో ఓడలు తిరుగుతాయి, అప్పటికి నువ్వు రాయించు. నోటికి రానిదాన్ని వదిలెయ్. వచ్చింది రాయించు.

నేను చూసినప్పుడు సేయోకి జుట్టు కూడా సరిగ్గా లేదు. ఎవరి పోలికో ఇన్ని ఉత్తరాల్లో ఒక్కదాంట్లోనూ లేదు. బావలా ఉందా, అమ్మలా ఉందా?

పానెస్